కుడి అద్దం, ఎడమ కన్ను

అయినా దాన్ని అబద్ధమని ఎవరంటారు, ఆ రోజు కళ్ళజోడు ఎడమ కాడ వెంట్రుకవాసి పైకి లేచి ఉన్న మాట నిజమే కదా, దాన్ని వేళ్ళతో ఒత్తి కిందికి దించిన మాటా నిజమే, కాడ కాస్త వంగిందక్కా, సరిచేశాను అన్నప్పుడు అందులో లేనిది ఒక్కటీ లేదు, ఉన్నది ఒకటి చెప్పలేదంతే, చెప్పకపోవడం వేరు, అబద్ధమాడటం వేరు, అని అతను తనకు తాను నచ్చజెప్పుకుంటుండగానే ఎవరిదో చల్లటి వేలు గడ్డం కింద ఆని తలను వెనక్కి వంచింది. పైకి చూడమంది నర్సు. చూశాడు. తెల్లటి పైకప్పు, ట్యూబులైటు, ఎప్పటిదో తడిమచ్చ. చుక్క పడగానే ఆ మూడూ ఒకదాంట్లో ఒకటి కరిగిపోయాయి. రెండో కంట్లోనూ చుక్క పడింది. మంట. "మూసుకోండి. గంటలో మూడుసార్లు వేస్తాం, ఇది మొదటిది. మధ్యలో తెరిచి ఫోను చూడొద్దు, నలపొద్దు, ఏడవొద్దు. ఏడిస్తే మందంతా కొట్టుకుపోతుంది," అని ఆవిడ పక్క కుర్చీ దగ్గరికి వెళ్ళిపోయింది. అది రోజుకు వందమందికి చెప్పే మాటేనని అతనికి తెలుసు. అయినా గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, చేయి దానంతటదే చెంప మీదికి వెళ్ళింది.

ఆ కళ్ళజోడు తాలూకు అక్క ఇక్కడే ఉంది. ఎదుటి వరుసలో, నీళ్ళ డ్రమ్ము పక్కన మూడో కుర్చీలో. పావుగంట కిందట, కళ్ళు ఇంకా కళ్ళలా పనిచేస్తున్నప్పుడు, గాజుతలుపు భుజంతో తోసుకుని లోపలికి రావడం చూశాడు. చేతిలో ఫైలు, మెడలో టేపు. టేపు తీయడం మరచిపోయి వచ్చినట్టుంది, లేదా అది లేకుండా బయటికి రావడం ఆవిడకు చేతకాదేమో. ముక్కు మీద గుండ్రటి ఫ్రేము, అతను అమ్మిందే. చటుక్కున తన ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు, తేలు కుట్టిన దొంగలాగా. తర్వాత మందు వేశారు, కళ్ళు మూసుకోమన్నారు, హమ్మయ్య అనుకున్నాడు. కళ్ళు మూసుకుంటే తాను కనబడనని పిల్లి కూడా అనుకుంటుందట పాలు తాగేటప్పుడు. తన దుకాణంలో ఎన్నివేల మంది ముఖాల్ని చేతుల్లోకి తీసుకున్నాడు, చెవుల వెనక వేలు పెట్టి చూశాడు, ముక్కు మీద గుర్తులు చూశాడు, ఏ ముఖానికీ భయపడలేదు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఒక ముఖాన్ని చూసి ఫైలు అడ్డం పెట్టుకున్నాడు. కళ్ళకు అద్దాలు బిగించేవాడికే ఈ మధ్య చిన్న అక్షరాలు రెండేసి కనబడుతున్నాయి. అందుకు రాక తప్పలేదు. రేపు వచ్చినా బాగుండేది. నిన్న వచ్చినా బాగుండేది.

ఆవిడ రెండు కళ్ళకూ పవరు ఒకటే. తేడా అంతా వాలులోనే. కొందరి చూపుకి అద్దంలో ఒక వాలు ఉండాలి, గడియారంలో ముల్లుకున్నట్టు. ఆవిడకు కుడి అద్దం ఇటు వాలితే ఎడమది అటు వాలాలి. కోలగా ఉండే ఫ్రేమైతే ఇది నా చోటు కాదని అద్దమే మొరాయించేది. ఆవిడ గుండ్రటిది ఎంచుకుంది. గుండ్రటి దాంట్లో ఏ అద్దమైనా ఏ కంటికైనా పట్టేస్తుంది. అందుకే కుడి అద్దం మీద పెన్నుతో చుక్క పెట్టుకుంటారు, ఈ పనిలో అది ఓనమాల్లాంటిది. అతనూ పెట్టాడు. పెట్టి, బిగించే ముందు రెండింటినీ మెత్తటి గుడ్డతో మెరిసేదాకా తుడిచాడు, చుక్కతో సహా. మరకలంటే అతనికి పడదు. చేతుల్లో రెండు అద్దాలు, కవలపిల్లల్లాగా. ఇది కుడిది అనుకున్నాడు. అనుకోవడం కూడా కాదు, చేయి వెళ్ళిన చోటికి వెళ్ళింది. పవరూ వాలూ చూపే మిషన్లో పెట్టి మళ్ళీ ఒకసారి చూస్తే ఒకటిన్నర నిమిషం పట్టేది. ఆ ఒకటిన్నర నిమిషంలో ఏం చేశాడో ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు. ఏదైనా గొప్ప కారణం ఉంటే బాగుండేది, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగుండకపోవడమో, కరెంటు పోవడమో. ఏమీ లేదు. బహుశా ఆవులించి ఉంటాడు.

మొదటిసారి ఆవిడ నాలుగు రోజులకే వచ్చింది. నేల ఒక పక్కకి ఒరిగినట్టుంది తమ్ముడూ, మెట్లు దిగుతుంటే పడవ దిగుతున్నట్టుంది అంది. కొత్త అద్దాలక్కా, రెండు వారాల్లో అలవాటైపోతుంది అన్నాడు. ఈ వృత్తిలో సర్వరోగ నివారిణి ఆ ఒక్క ముక్క. పదిమందిలో తొమ్మిదిమందికి నిజంగానే అలవాటైపోతుంది, అందువల్లే పదోవాడి మాట చెవికెక్కదు. రెండోసారి నెలన్నరకి వచ్చింది. ఈసారి మిషన్లో పెట్టాడు, పెట్టి పవరు చూశాడు, పవరు సరిపోయింది, వాలు చూడలేదు. బానే ఉన్నాయక్కా, మీరే కాస్త ధైర్యంగా పెట్టుకుని తిరగాలి అన్నాడు. ధైర్యంగా. ఆ మాట ఎందుకన్నట్టు. ఆవిడ నవ్వి, ధైర్యానికేం తమ్ముడూ, దేనికి లోటున్నా దానికి లోటు లేదు, అనేసి మెట్ల మీద గోడ పట్టుకుని దిగి వెళ్ళింది. గోడ పట్టుకుని దిగడం అతను చూశాడు. చూసి తర్వాతి కస్టమరు వైపు తిరిగాడు.

"ఏ కన్ను తల్లీ?" అని అడిగింది ఎవరో ముసలావిడ, దగ్గు మధ్యలోంచి.

"కన్ను కాదు పిన్నిగారూ, బుర్ర." అదే గొంతు. పని చేసే మిషన్ల రొద మీదుగా మాట్లాడి మాట్లాడి ఎదుటిమనిషి పక్కనే ఉన్నా కాస్త గట్టిగానే పలికే గొంతు. "కళ్ళు నిక్షేపంగా ఉన్నాయన్నాడు డాక్టరు. అద్దాలూ నిక్షేపంగా ఉన్నాయన్నాడు అద్దాల తమ్ముడు, ఒకటికి రెండుసార్లు చూసి. ఇక మిగిలింది నా బుర్రేగా."

ముసలావిడ నవ్వింది, దగ్గింది. అతని కనురెప్పల వెనక ఎర్రటి చీకటి చిక్కబడింది. ఆవిడ ఆగలేదు, అలవాటు లేని తీరిక దొరికిన మనిషి ఆగదు. యూనిఫారాలు కుట్టే పెద్ద షెడ్డులో ఇరవై ఆరేళ్ళు కటింగు బల్ల దగ్గర చేశానంది. నలభై పొరల గుడ్డ ఒకదాని మీద ఒకటి పరిచి, పైన సుద్దతో గీసి, ఒక్క కోతలో నలభై చొక్కాల ముందుభాగాలు తీయాలట. గీత ఒక్క పిసరు జారితే ఒక చొక్కా కాదు పోయేది, నలభై. తనకు ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారీ జారలేదట. ఈ ఆరేడు నెలల్లో రెండుసార్లు జారింది. గీత తిన్నగానే గీశాను, నా కంటికి తిన్నగానే ఉంది, విప్పి చూస్తే అన్నీ ఒక పక్కకి వంగి ఉన్నాయి, గాలికి ఊగిన గడ్డిలాగా అంది. సూపర్‌వైజరు మంచివాడు కాబట్టి తీసేయకుండా గుండీలు కుట్టే చోట కూర్చోబెట్టాడట. అక్కడి ఆడపిల్లలు వంకరక్కా అని పిలుస్తారట. "ప్రేమగానే పిలుస్తారులెండి. నేనూ పలుకుతా," అంది.

వంకరక్క. అతను ఆ మాటను నోట్లోనే తిప్పి చూశాడు, పుల్లటి మాత్రని తిప్పినట్టు. ఇది తెలియదు తనకు. షెడ్డు తెలుసు, బల్ల తెలుసు, గుండీల సంగతి కూడా తెలుసు, ఈ పేరు తెలియదు. తప్పు ఒకటే అయినప్పుడు అది ఎన్ని ఇళ్ళ మీదుగా పోతుందో, ఎన్ని నోళ్ళలో ఏ పేరు పెట్టుకుంటుందో కనిపెట్టడం ఎవరి తరం. తనకు పని నేర్పిన పెద్దమేస్త్రికి అది తెలిసే ఉంటుంది. పొట్టి మనిషి, చెవి మీద ఎప్పుడూ పెన్సిలు. అద్దం తప్పు కోస్తే ఆయన చెత్తబుట్టలో వేసేవాడు కాదు. కస్టమరు వచ్చేదాకా ఆగి, బల్ల మీద గుడ్డ పరిచి, ఇదిగో బాబూ ఇది నేను చెడగొట్టాను, అందుకే మీ జోడు రేపటికి పడింది అని చెప్పి, వాళ్ళ కళ్ళెదుటే చిన్న సుత్తితో టక్కుమని పగలగొట్టేవాడు. ఎందుకు మేస్త్రీ ఈ తంతు, గుట్టుగా ఇంకోటి కోసి ఇచ్చేస్తే పోలేదా అని అడిగాడు తను, ఇరవై నాలుగేళ్ళ వయసులో, లోకం మొత్తం తెలిసిపోయిన వయసులో. "నిజాయితీ గిజాయితీ అంటే నాకు తెలీదురా. అంత పెద్ద మాట ఎక్కడ పట్టుకోవాలో తెలీదు. సుత్తికైతే పిడి ఉంది," అన్నాడాయన. అప్పుడు నవ్వుకున్నాడు. తర్వాత సొంత దుకాణం పెట్టినప్పుడు సుత్తి పెట్టలేదు, బోర్డు పెట్టాడు. నీలం మీద తెల్ల అక్షరాలు: తప్పు మాదైతే మేమే సరిచేస్తాం. అందమైన బోర్డు. భార్య చూసి, సరిచేస్తాం సరే, తప్పు మీదని ఎవరు చెప్తారు అంది, వంటింట్లోకి పోతూ పోతూ, వేళాకోళానికే. ఆమె వేళాకోళాలన్నీ ఇలాగే ఏళ్ళ తర్వాత వచ్చి తలుపు కొడతాయి.

మళ్ళీ చల్లటి వేలు. రెండో చుక్క. కళ్ళు తెరిచిన ఆ రెప్పపాటులో గది ఒక ఉప్పెనలాగా మీదికొచ్చింది, కిటికీల వెలుతురంతా ఒకేసారి. నీళ్ళ డ్రమ్ము దగ్గర ఒక ముదురు ఆకుపచ్చ ముద్ద, దాని మీద పసుపుపచ్చ గీత. టేపు. అంతే కనబడింది. ఆ తారుమారు అద్దాలతో ఆవిడకు ఐదు నెలలు ఇలాగే ఉండి ఉంటుందా. కాదు, ఇది మసక, మసకైతే ఇది మసక అని తెలుస్తుంది, చూపు సరిగా లేదని మనిషి జాగ్రత్త పడుతుంది. ఆవిడకు అన్నీ స్పష్టంగా కనబడ్డాయి, వంకరగా. స్పష్టంగా కనబడే వంకరను ఎవరు అనుమానిస్తారు. తన ఐదు నెలలు కూడా అలాంటివే, తర్వాతి రెండు నెలలు మరీను. పొద్దున దుకాణం తెరిచి, బోర్డు తుడిచి, ముసలివాళ్ళకు మెట్ల దగ్గర చేయందించి, ఒక మంచి మనిషి రోజంతా చేసే పనులన్నీ చేశాడు. ఎక్కడా మసక లేదు.

మూడోసారి వచ్చింది ఆవిడ తనకోసం కాదు. పక్కింటావిడకు తోడు వచ్చింది. కూర్చుని, ఊరికే ఉండలేక, జోడు తీసి ఒకసారి తుడిచిపెట్టు తమ్ముడూ అంది. తుడుస్తుంటే, ఇరవై రెండేళ్ళ చేతికి ఏదో తగిలింది. అద్దాన్ని దూరంగా పట్టుకుని గోడ మీది క్యాలెండరు గీతల్లోంచి తిప్పాడు. గీత ఇటు వాలాల్సింది అటు వాలింది. రెండోది తిప్పాడు. అదీ అంతే. లోపలి గదిలోకి వెళ్ళి పాత చీటీ తీసి, మిషన్లో పెట్టి చూశాడు, చూడక్కర్లేకుండానే తెలుసు. చిన్న స్క్రూడ్రైవరు, రెండు మరలు, అటుది ఇటు, ఇటుది అటు. నాలుగు నిమిషాలు. ఐదు నెలల పని నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ఆ నాలుగు నిమిషాల్లో చెప్పాలనే అనుకున్నాడు, మనస్ఫూర్తిగా అనుకున్నాడు. బయటికొచ్చేసరికి నలుగురు కస్టమర్లున్నారు. పక్కింటావిడ ఉంది. బోర్డు ఉంది. ఆవిడ పెట్టుకుని, లేచి నిలబడి, నేల వైపు చూసి, అడుగు వేసి, ఇంకో అడుగు వేసి, చిన్నపిల్ల మొదటిసారి నడిచినట్టు నవ్వింది. ఏం చేశావు తమ్ముడూ, నేల తిన్నగా నిలబడింది అంది. కాడ కాస్త వంగిందక్కా, సరిచేశాను. అప్పుడు ఆవిడ రెండు చేతులతో అతని చేతులు పట్టుకుంది. నలుగురు కస్టమర్లూ చూశారు. నీ చేతి చలవ అంది. వారం తర్వాత వచ్చి ఒక గుడ్డ ఇచ్చి వెళ్ళింది. విప్పి చూస్తే, అద్దాలు కోసే మిషనుకి ముసుగు. కొలత తీసుకోలేదు, కంటితో చూసి పోయిందంతే. మూలలన్నీ సరిగ్గా కూర్చున్నాయి, కుట్లు చీమల బారులాగా తిన్నగా ఉన్నాయి. రెండు నెలలుగా రోజూ దుకాణం మూసే ముందు ఆ ముసుగు తొడుగుతున్నాడు. రోజూ ఆ కుట్ల మీద వేలు పెట్టకుండా తొడగడం నేర్చుకున్నాడు.

సరే, అద్దాలు సరిచేశాడు కదా, నేల తిన్నగా నిలబడింది కదా, ఇక ఆవిడకొచ్చిన నష్టమేమిటి అని కూడా అనుకున్నాడు, ఈ రెండు నెలల్లో చాలాసార్లు. మళ్ళీ బల్ల దగ్గరికి వెళ్ళి ఉంటుంది అనుకున్నాడు. అనుకోవడమే తప్ప ఎవర్నీ అడగలేదు.

"ఇప్పుడు బానే కనబడుతోందా మరి?" ముసలావిడ అడుగుతోంది.

"ఇప్పుడు గీత గీసినట్టుంది. అదే భయం పిన్నిగారూ." ఫైలు తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు. "ఒకనాడు ఊరికే వంకరైంది, ఇంకోనాడు ఊరికే తిన్నగా అయింది. ఏ కారణమూ లేదు. వంకర కారణం లేకుండా పోయింది, కారణం లేకుండానే మళ్ళీ వస్తుంది. నలభై పొరల మీద కత్తి దించాక వస్తే? సూపర్‌వైజరు రమ్మంటున్నాడు, బల్ల ఖాళీగానే ఉందిట. నేనే రానన్నా. ఇవాళ డాక్టరు చేత కాగితం రాయించుకుని ఇచ్చేస్తా, ఈ మనిషి ఇక కత్తి పట్టకూడదని. వాళ్ళకీ తేలిపోతుంది, నాకూ తేలిపోతుంది."

ఆవిడ దాన్ని ఏడుస్తూ చెప్పి ఉంటే భరించగలిగేవాడేమో. కూరగాయలు తరుగుతూ చెప్పినట్టు చెప్పింది. కారణం లేదట. కారణం ఇక్కడ, ఆరడుగుల దూరంలో, కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది. చొక్కా తొడుక్కుని ఉంది. ఇన్నాళ్ళూ తను దాచింది ఒక తప్పుని అనుకున్నాడు, దాచితే తనకే కదా బరువు, మోస్తున్నాను కదా అనుకున్నాడు, మోయడంలో కాస్త గొప్ప కూడా కనబడింది. దాచింది తప్పుని కాదు. ఆవిడ చేతిని ఆవిడ నమ్ముకోవడానికి కావలసిన ఒకే ఒక్క ముక్కని. అది ఆవిడ సొత్తు. తను దాని మీద కూర్చున్నాడు.

మొన్నామధ్య కూతురు కింది వాటా వాళ్ళ పూలకుండీ పగలగొట్టింది, బంతితో. ఎవరూ చూడలేదు. తనకొచ్చి చెప్పింది, గోళ్ళు కొరుక్కుంటూ. అప్పుడు ఎంత చక్కగా చెప్పాడు. వెళ్ళి తలుపు కొట్టు, ముందు నేను పగలగొట్టానని చెప్పు, తర్వాత ఏం చేయమంటారో అడుగు, బంతి ఎటు పోయిందో, గాలి ఎటు వీచిందో చెప్పకు, ఇవాళే వెళ్ళు, రేపటికి కాళ్ళు బరువెక్కుతాయి. నువ్వు కూడా రా నాన్నా అంది. నేనెందుకు, పగలగొట్టింది నువ్వు కదా అన్నాడు. పైమెట్టు మీద నిలబడి విన్నాడు, తలుపు చప్పుడు, పిల్ల గొంతు, తర్వాత నవ్వు. పైకొచ్చి, చెప్పేశా, బిస్కెట్టు ఇచ్చారు అంది. కాస్త తిని, "నువ్వెప్పుడైనా ఇలా చెప్పావా నాన్నా?" అని అడిగింది. బోలెడుసార్లు అన్నాడు. బోలెడు. ఒక్కటి చెప్పమంటే ఏం చేసేవాడు. అడగలేదు పిల్ల, నమ్మేసింది. విలువలంటే ఇంట్లో గోడకు కొట్టిన మేకుల్లాంటివని, ఒకసారి కొట్టేస్తే ఉంటాయని అనుకుంటూ బతికాడు ఇన్నాళ్ళూ. ఏదైనా తగిలించి చూస్తే కదా తెలిసేది, మేకు గోడలో దిగిందో, సున్నంలోనే ఆగిందో.

మూడో చుక్క. నర్సు ఈసారి మాట్లాడలేదు, గుడ్డ ముక్కతో చెంప తుడిచి వెళ్ళింది. ఎలా చెప్పాలి. అక్కా, మీకో సంగతి చెప్పాలి. కాదు. అక్కా, ఆ రోజు మీరు గుండ్రటి ఫ్రేము తీసుకున్నారు చూడండి, వాటితో ఒక చిక్కుంది. అప్పుడే ఫ్రేము మీదికి నెట్టేశాడు, ఇంకా నోరైనా తెరవకుండానే. కస్టమర్లు పోతారు. పోనీ. ఆవిడ అరిస్తే? ఈ గదిలో ఇరవైమంది ఉన్నారు, సగంమంది ఎప్పుడో ఒకప్పుడు తన దుకాణం మెట్లెక్కినవాళ్ళే. ఆవిడ అరవదు, అదే కష్టం. అలాగా తమ్ముడూ, పోనీలే అంటుంది. అప్పుడు ఏం చేయాలి. బయట చెబుదాం, డాక్టరు గదిలోంచి వచ్చాక, వరండాలో, ఎవరూ లేనప్పుడు. అప్పటికి కాగితం రాసేసి ఉంటారు. రాసిన కాగితాన్ని చింపించడం రాయకుండా ఆపడం కంటే కష్టం. ఇంటికెళ్ళి ఫోను చేద్దాం. చీటీలో నంబరుంది. ఫోను అనుకోగానే ఒళ్ళు ఎంత తేలికపడిందో గమనించాడు. ఆ తేలిక అతను ఎరిగినదే. స్క్రూడ్రైవరుతో లోపలి గదిలోంచి బయటికొచ్చినప్పుడు కూడా అచ్చం ఇలాగే ఒళ్ళు తేలికపడింది.

తలుపు తెరుచుకున్న చప్పుడు. నర్సు ఒక అంకె పిలిచింది. ఎదుటి వరుసలో కుర్చీ కిర్రుమంది. వస్తా పిన్నిగారూ, అంది ఆవిడ, టేపు సర్దుకుంటున్న చప్పుడు, ఫైలు చంకలో పెట్టుకున్న చప్పుడు. చెప్పులు రెండడుగులు వేశాయి.

అతను లేచాడు. కళ్ళు తెరిచాడు. వెలుతురు సూదుల్లాగా దిగింది. గది నిండా తెల్లటి పొగలాంటి వెలుగు, అందులో కదులుతున్న ఆకుపచ్చ. ఎవరి మోకాలో తగిలింది, ఎవరో చూసుకోవయ్యా అన్నారు, చూసుకోవడానికి ఏమీ కనబడటం లేదు. చేయి చాచాడు. కుర్చీ వీపు, గాలి, ఫైలు అంచు. పట్టుకున్నాడు.

"అక్కా, ఆగండి. నేను, అద్దాల వాణ్ణి."

"అయ్యో తమ్ముడూ, నువ్వా? నీ కళ్ళకేమైంది?" ఆ గొంతులో కంగారు, తనకోసం. అవతల నర్సు ఆ అంకె మళ్ళీ పిలిచింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, మందో ఏమో, కొట్టుకుపోతే పోనీ.

"కాగితం రాయించుకోవద్దక్కా. మీ బుర్ర బానే ఉంది. అద్దాలు తారుమారు చేసి బిగించింది నేను, కుడిది ఎడమకి, ఎడమది కుడికి. ఐదు నెలలు అలాగే ఉన్నాయి. ఆ రోజు తెలిసి మార్చాను, మీకు చెప్పలేదు."

ఎదురుగా ఆకుపచ్చ కదలడం ఆపింది. ఆవిడ ముఖంలో ఏముందో చూడటానికి అతనికి కళ్ళు లేవు. చాలా నెమ్మదిగా, "నలభై చొక్కాలు తమ్ముడూ," అంది. "రెండుసార్లు."

"అవునక్కా," అన్నాడు. ఫైలు అంచు వదలకుండా, ఆవిడ మొదటిసారి దుకాణం మెట్లెక్కిన రోజు నుంచి, ఇరవైమందికీ వినబడేలా చెప్పడం మొదలుపెట్టాడు.